వెళ్ళిపోనివాళ్ళ సేల్

16 ఫిబ్రవరి 2005, బుధవారం

ఈ డైరీ మా పైపుల కొట్టుకి సిమెంటు కంపెనీవాళ్ళు ఇచ్చారు. జనవరి పేజీలన్నీ ఖాళీ. సునామీ వచ్చి వారమైనా కాని జనవరిలో ఈ దీవి మీద ఎవరికి మాత్రం రాయాలనిపిస్తుంది. సగం ఫిబ్రవరి కూడా పోయింది కాబట్టి ఇక్కణ్ణించి మొదలుపెడుతున్నాను. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది ఆయనా నేనూ. ఆయన పైపుల సైజులు తప్ప మరేదీ చదవరు. మా ప్రత్యూషకి పదహారేళ్ళు వచ్చాయి, తెలుగులో మాట్లాడుతుంది, పోట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. అంటే తాళం వెయ్యకపోయినా ఈ పుస్తకానికి తాళం ఉన్నట్టే.

సంగతేమిటంటే, ఆయన చెల్లెలు అప్పలకొండమ్మ మా ఇంటికి వస్తోంది. డిసెంబరు నుంచీ అవతలి దీవిలో, హట్‌బేలో, రిలీఫ్ క్యాంపులో ఉంది, కూతురు కళతో. వాళ్ళాయన నూకన్న సునామీ వచ్చిన ఆ పొద్దున ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఇంకా దొరకలేదు. ఇక దొరకడు కూడా.

"శివరాత్రి ఎళ్ళాక షిప్పెక్కుతాదట. పిల్లని ఇక్కడ స్కూల్లో ఏస్తాదట" అన్నారు ఆయన.

"రమ్మనండి. ఇది తన పుట్టిల్లే కదా" అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. ఎందుకో తెలియదు. నాకూ కొండమ్మకీ మధ్య పాత విషయం ఒకటుంది గానీ దాన్ని నేనెప్పుడో మరిచిపోయాను.

18 ఫిబ్రవరి, శుక్రవారం

తల్లీకూతుళ్ళకి వెనక గది ఇద్దామని తలుపు తెరిచాను. తెరిచానంటే ఒక జానెడు తెరుచుకుంది, తర్వాత లోపల ఏదో పడింది.

పద్దెనిమిదేళ్ళ సామాను. నాలుగు టేబుల్ ఫ్యాన్లు, అందులో తిరిగేది ఒకటి. మూడు కుక్కర్లు. రెండు ఇనప మంచాలు. ప్రత్యూష మూడు చక్రాల సైకిలు. నీలం డ్రమ్ములు, పచ్చడి జాడీలు, గుడ్డ లేని గొడుగులు ఆరు. షిప్ మీద వచ్చిన వస్తువును ఈ ఊళ్ళో ఎవరూ పారెయ్యరు. మూడు రోజులు సముద్రం మీద ప్రయాణం చేసి వచ్చిన మేకుని కూడా జాగ్రత్తగా దాస్తాం. దాని ఫలితం ఈ గది.

ఆయన్ని అడిగితే పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చెయ్యమన్నారు. తూకానికి ఇవ్వడానికి ఇవేమన్నా ఉల్లిపాయలా? నేను సేల్ పెడతాను. ఇక్కడి ఆఫీసర్లు ట్రాన్స్‌ఫరై వెళ్ళేటప్పుడు పెడతారే, అలాంటిది. షిప్ కిరాయి దండగని సోఫాలూ మంచాలూ వాకిట్లో పెట్టి అమ్మేసి, పెట్టెలతో వెళ్ళిపోతారు. మా ఫ్రిజ్ అలా వచ్చిందే. మాకు ట్రాన్స్‌ఫర్ లేదు, కానీ సామాను ఉంది కదా. వాకిలి కూడా ఉంది.

20 ఫిబ్రవరి, ఆదివారం

మార్చి ఆరు, ఆదివారం అని ఖాయం చేశాను. బాగా ఆలోచించే ఖాయం చేశాను. జీతాలు వచ్చి ఉంటాయి. ఆ రోజు మెయిన్‌లాండ్ నుంచి షిప్ లేదు, ఉంటే ఊరంతా హడ్డో జెట్టీ దగ్గరే ఉంటుంది. శివరాత్రి ఎనిమిదిన, ఆ లోపు అందరూ ఇళ్ళు దులుపుకుంటూ ఏవేం లేవో చూసుకుంటారు. ఇదంతా చెప్తే ఆయన "నువ్వు కొట్లో కూకో, నేను వంట సేస్తాను" అన్నారు. వెక్కిరింతే, అయినా బాగుంది.

కొండమ్మ సంగతి రాయకూడదనుకున్నాను, రాస్తే పోయేదేముంది. పదకొండేళ్ళ కిందట మా అత్తగారు పోయినప్పుడు కార్యానికి వచ్చింది. తిరిగి హట్‌బే వెళ్ళేటప్పుడు జెట్టీ దగ్గర చిన్న విషయం జరిగింది. అత్తగారి ఇత్తడి గుండిగ ఒకటి కనిపించలేదు. కొండమ్మ తనే మూట విప్పి చూపించింది. నేను విప్పమన్లేదు. అప్పట్నించీ మా గుమ్మం తొక్కలేదు. అది తన ఇష్టం.

23 ఫిబ్రవరి, బుధవారం

ఇత్తడివి చింతపండుతో, స్టీలువి బూడిదతో తోమాను. మధ్యాహ్నం భూమి కాస్త ఊగింది. గిన్నెలు మోగాయి. వీధివాళ్ళందరం రోడ్డు మీదికి వెళ్ళి నిలబడి, ఆగాక ఇళ్ళకొచ్చాం. సగం తోమిన బిందె దుమ్ము పట్టింది, మళ్ళీ తోమాను.

26 ఫిబ్రవరి, శనివారం

నోటీసులు తయారు. డెయిరీ ఫార్మ్ బస్టాపులో పోయిన ఏడాది అంటించిన ట్రాన్స్‌ఫర్ సేల్ కాగితం ఒకటి ఇంకా ఉంటే, ప్రత్యూష దాన్ని చూసి హిందీలో యథాతథంగా రాసుకొచ్చింది. ఇంటి సామానంతా అమ్మబడును, ఆదివారం ఉదయం ఎనిమిదికి, తక్కువ ధర, ముందొచ్చినవారికి ముందు. పేరు, ఇంటి గుర్తు మాత్రం మావి. పన్నెండు కాగితాలు. బస్టాపులో రెండు, షాదీపూర్ రేషన్ షాపు దగ్గర రెండు, కొట్లో ఒకటి. ప్రోతరాపూర్ బస్సు కండక్టర్ మనవాడే, బస్సులో ఒకటి అంటిస్తానన్నాడు. అన్నం మెతుకులతో అంటించాం. జిగురు కంటే అదే గట్టిగా పట్టుకుంటుంది.

1 మార్చి, మంగళవారం

కేబుల్ టీవీలో కింద పరిగెత్తే అక్షరాల్లో మా సేల్ వచ్చింది. రోజుకి పది సార్లు, మూడు రోజులు. మొదటిసారి వచ్చినప్పుడు అందరం లేచి నిలబడి చూశాం. ఆయన కూడా.

ఇంకో విషయం. జెట్టీ దగ్గర నేను "విప్పితే మంచిదేమో" అన్నాను. అంతే. అది విప్పమనడం కాదు.

3 మార్చి, గురువారం

ఈ మధ్య జనం నాతో ఎందుకో చాలా మంచిగా ఉంటున్నారు. చేపలమ్మి ఒక కూరచేప ఊరికే వేసింది. పక్కింటి బెంగాలీ ఆవిడ వచ్చి, నా చెయ్యి పట్టుకుని కూర్చుని, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. నాలో ఏదో మార్పు వచ్చి ఉండాలి.

4 మార్చి, శుక్రవారం

మార్పు లేదు, మట్టీ లేదు. రేషన్ షాపులో నిలబడితే షాపతను అడిగాడు, "భాభీ, కబ్ జా రహే హో? ఏ షిప్‌కి?"

"ఎక్కడికి వెళ్తాం?"

"మెయిన్‌లాండ్‌కి. సామానంతా అమ్మేస్తున్నారు కదా."

అప్పుడు తెలిసింది. ఈ ఊళ్ళో ఇంటి సామాను వాకిట్లో పెట్టి అమ్మేది వెళ్ళిపోయేవాళ్ళే. ఉండేవాళ్ళు అమ్మరు, దాచుకుంటారు. పైగా సునామీ అయ్యాక ఎంతమంది షిప్పెక్కి వెళ్ళిపోయారో లెక్క లేదు. ఆ వరసలో మేమూ చేరామనుకున్నారు.

ప్రత్యూష కంగారు పడింది. "అమ్మా, నోటీసులు మార్చేద్దాం. హమ్ నహీ జా రహే, వెళ్ళడం లేదు అని రాసేస్తాను."

ఒక్క ఆదివారం ఆగమన్నాను. వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర జనం ఎగబడి కొంటారు. నేను వెళ్తున్నానని ఎవరితోనూ అనలేదు. అలా అనుకుంటే అది వాళ్ళ తప్పు. అడిగితే చెప్తాను. అడగనివాళ్ళకి వెంటపడి చెప్పాలా?

6 మార్చి, ఆదివారం

నేను కొట్లో కూర్చోవలసినదాన్నే. ఆయన ఇవాళ నిజంగా ఒప్పుకున్నారు.

గది ఖాళీ. ఊడ్చి కడిగాను కూడా.

ఎలా చేశానో రాసుకుంటాను, మళ్ళీ పనికొస్తుంది. మంచివి రెండు, ఇనప మంచమూ తిరిగే ఫ్యానూ, రోడ్డు మీదికి కనబడేలా గేటు పక్కన. ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చి తిరగనిచ్చాను. ఐదు రూపాయల గిన్నెలు గేటు దాటగానే, అవి చెయ్యి పట్టుకుంటే మనిషి లోపలికి వస్తాడు. పెద్దవి లోపల, గోడ వారగా బల్లల మీద. ప్రతిదానికీ ధర చీటీ, ప్రత్యూష పని అది. చీటీ లేకపోతే అడగడానికి సిగ్గుపడి వెళ్ళిపోతారు. ఒక బకెట్టులో నిమ్మకాయ నీళ్ళు, గ్లాసులు. దాహం తీరిన మనిషి ఇంకో పది నిమిషాలు ఉంటాడు.

ఎనిమిదికి అన్నామా, ఏడింటికే వచ్చారు. మంచాలు పది నిమిషాల్లో వెళ్ళిపోయాయి. గుడ్డ లేని గొడుగులు కూడా ఒకాయన ఆరూ కొన్నాడు, బీరపాదుకి ఊతమట. పదకొండున్నరకి వాకిట్లో బల్లలే మిగిలాయి. బల్లలకి కూడా బేరం వచ్చింది.

అయితే ఇంకొకటి జరిగింది. కొనడానికి వచ్చినవాళ్ళు కొందరు, ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కొందరు. ఇక్కడ షిప్పెక్కేవాళ్ళకి ముందే అందరూ అన్నీ ఇచ్చేస్తారు, తర్వాత ఇద్దామన్నా మనిషి అందడు కదా. మా నిచ్చెన తిరిగొచ్చింది. ఇడ్లీ రేకులు రెండు జతలు, ఏ ఇంటికి ఎప్పుడిచ్చానో కూడా గుర్తు లేదు. పప్పు రుబ్బే రోలు నలుగురు మోసుకొచ్చి దించి, నా కాళ్ళకి నమస్కారం పెట్టి, "సల్లగా ఎళ్ళిరండమ్మా" అన్నారు. వెళ్ళడం లేదయ్యా అంటే, అందరూ ముందు అలాగే అంటారని ఓదార్చారు. ఒక మూల ఖాళీ అవుతుంటే ఇంకో మూల నిండింది. ఆయన గోడకి ఆనుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. డిసెంబరు తర్వాత ఆయన అలా నవ్వడం చూడలేదు. ఈ సేల్‌కి అది చాలు.

ఒక వస్తువు గురించి రేపు రాస్తాను.

7 మార్చి, సోమవారం

ఇంటి ఓనరు గురునాథం గారు పొద్దున్నే ఎవర్నో వెంటబెట్టుకొచ్చి ఇల్లు చూపించబోయారు. పద్దెనిమిదేళ్ళుగా నెల నెలా అద్దె ఇచ్చే నన్ను అడక్కుండా కేబుల్ టీవీని నమ్మినందుకు నాలుగు మాటలన్నాను. కాఫీ ఇచ్చి పంపాను. వచ్చినాయన కాఫీ బాగుందన్నాడు.

ఇవాళ వేరే రాయడానికి తీరిక లేదు.

8 మార్చి, మంగళవారం, శివరాత్రి

ఉపవాసం. పని లేదు. రాయకుండా ఉండటానికి వంక కూడా లేదు.

ఆదివారం పదిన్నరకి, వాకిలి నిండా జనం ఉన్నప్పుడు, ఒకావిడ ఇత్తడి గుండిగ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, "దీదీ, అస్సీ లిఖా హై. అరవైకి ఇస్తారా?" అంది. దాని మీద ప్రత్యూష అంటించిన ఎనభై రూపాయల చీటీ ఉంది. ఇలాంటిది నేను బల్ల మీద పెట్టలేదే అనుకుంటూ చేతిలోకి తీసుకున్నాను. అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. సింహాచలమ్మ. మా అత్తగారి పేరు.

అమ్మేది కాదని లాక్కున్నాను. పాపం ఆవిడ దొంగతనం చేస్తూ దొరికినట్టు నిలబడిపోయింది. ప్రత్యూషని పిలిస్తే, "ఆ తాతయ్య తెచ్చి బల్ల మీద పెట్టాడు, నేను చీటీ వేశాను" అని చూపించింది. ప్రోతరాపూర్ యర్రయ్య. మునుపు మా వీధిలోనే ఉండేవాడు, హార్బర్‌లో పని. నిమ్మకాయ నీళ్ళు తాగుతున్నాడు.

"మీ అత్త ఇచ్చిందమ్మా. మా పెద్దమ్మి పెళ్ళికి. పెళ్ళయ్యీలోగా ఆ తల్లి పోయింది. మేం ప్రోతరాపూర్ ఎళ్ళిపోనాం. ఇచ్చీసెద్దాం, ఇచ్చీసెద్దాం అనుకుంటనే ఉండిపోనాం. బస్సులో నీ కాయితం సూసినాను. మీరు షిప్పెక్కీసినాక నానెవులికిస్తాను? అందుకే వచ్చీసినాను."

యర్రయ్య తప్పు లేదు. పొరుగింటి గుండిగ అటక మీద పదేళ్ళు ఉండటం మా వీధిలో వింత కాదు, నా నిచ్చెన ఆరేళ్ళకి వచ్చింది. అతనికి నమస్కారం పెట్టి, గుండిగని తెచ్చి మంచం కింద తోసి, మళ్ళీ వెళ్ళి బేరాలు చేశాను. నవ్వుతూ చేశాను. ఎవరికీ తెలియలేదు.

రెండు రోజులు మంచం కిందే ఉంది. తూకానికి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు కదా అని కూడా అనుకున్నాను. ఆ మాట నాకు వచ్చింది, నేనే రాస్తున్నాను.

జెట్టీ సంగతి సరిగ్గా రాస్తాను. షిప్ కూత వేసింది. కూలీలు, ప్రయాణికులు, సగం వీధి అక్కడే ఉంది. కొండమ్మ చంకలో పసిపిల్ల, నెత్తిన పరుపుల మూట. రెండు వారాల కిందట తల్లి పోయిన మనిషి. నేను అందరి ముందు, గట్టిగా, "మూట దించి విప్పు" అన్నాను. రెండుసార్లు అన్నాను. తను విప్పింది. దుప్పట్లు, పిల్ల గుడ్డలు. గుండిగ లేదు. అప్పుడైనా ఊరుకోలేదు. "ముందే ఎవరి చేతో పంపించేసి ఉంటావు" అన్నాను. తను మూట కట్టుకుని ఎక్కేసింది. నూకన్న తర్వాత రెండుసార్లు చేపలు పంపాడు, నేను తిప్పి పంపాను. ఆ మనిషికి ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా లేదు.

సాయంత్రం ఆయనకి గుండిగ చూపించాను. చేతిలోకి తీసుకుని, తల్లి పేరు బొటనవేలితో తడిమారు.

"కొండమ్మ తియ్యలేదని నాకు తెలుసు" అన్నారు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఇనుందువేటి?"

వినేదాన్ని కాదు.

9 మార్చి, బుధవారం

గుండిగ తోమాను. మూడుసార్లు. ఇంటికి వచ్చాక నెమ్మదిగా, గదిలో, తలుపు వేసి చెప్తే సరిపోతుందేమో. ఆమెకి కూడా అదే హాయి.

10 మార్చి, గురువారం

సరిపోదు. పొద్దున్న లేవగానే తెలిసింది. అన్న మాట జెట్టీ మీద అన్నాను.

హట్‌బే షిప్ మూడింటికి అన్నారు, నాలుగైంది. ఫీనిక్స్ బే జెట్టీకి గుండిగ చంకన పెట్టుకునే వెళ్ళాను, తువ్వాలు కప్పలేదు. ఆయన పక్కన నడిచారు. తెలిసినవాళ్ళు నలుగురు ఎదురై, "ఇదేనా మీ షిప్?" అని అడిగారు. మా ఆడపడుచు షిప్ అని చెప్పాను.

కొండమ్మ దిగింది. మనిషి సగం అయిపోయింది. పక్కన కళ, పొడుగ్గా, అచ్చం నూకన్న నుదురు. కొండమ్మ నెత్తి మీద మూట. నన్ను చూసింది, తర్వాత నా చంకలోది చూసింది. అక్కడే ఆగిపోయింది. వెనక దిగేవాళ్ళు తప్పుకోమని అరుస్తున్నారు.

నేను గట్టిగానే చెప్పాను. కూలీలకి కూడా వినబడాలి కదా. "కొండమ్మా, నువ్వు తియ్యలేదు. యర్రయ్య ఇంట్లో ఉంది, మీ అమ్మే ఇచ్చింది. ఆ రోజు నేను నిన్ను ఇక్కడ నలుగురిలో దొంగని చేశాను. తప్పు నాది. నూకన్నకి చెప్పుకోలేకపోయాను, నీకైనా చెప్పుకోనీ."

తను మూట దించింది. గుండిగ అందుకుంది. ఆయన చేసినట్టే పేరు మీద బొటనవేలు పెట్టి తడిమింది. వేలికి ఏదో తగిలి, తిప్పి చూసింది. ధర చీటీ. అంచు లోపలివైపు అన్నం మెతుకుతో అంటించి ఉంది, నేను మూడుసార్లూ బయటే తోమాను.

"ఎనబై రూపాయలేటి వదినా, మాయమ్మ గుండిగ?"

"ప్రత్యూష అంటించింది. తెలియక."

"ఎనబైకి ఇచ్చీసుంటే ఊరుకుందునేటి."

అని, అక్కడే గొంతుక్కూర్చుని మూట ముడి విప్పడం మొదలుపెట్టింది. వద్దన్నాను, చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడు నువ్వు సెప్పలేదు కదా. నానే ఇప్పుతన్నాను. వదులు."

విప్పింది. రెండు రిలీఫ్ చీరలు. ఈ ఎండల్లో ఎవరో మహానుభావులు పంపిన ఉన్ని స్వెట్టరు. పిల్ల నోటు పుస్తకాలు. మడత పెట్టిన లుంగీ ఒకటి. పదకొండేళ్ళ కిందటి మూట కంటే చిన్నది. లుంగీ మీద గుండిగ పెట్టి, చుట్టూ స్వెట్టరు సర్ది, గట్టిగా ముడేసింది.

"ఇప్పుడుంది సూసుకో, నా మూటలో. పద, ఇంటికెల్దాం."

నేను జెట్టీ మీద ఏడ్చాను. ఆ రోజు ఏడవాల్సింది నేను, తనని ఏడిపించాను, కాబట్టి ఈ ఏడుపు పాతదే. కొండమ్మ ఏడవలేదు. నా చీర కొంగు తీసి నా మొహమే తుడిచింది, కాస్త మోటుగా. మూట నేను ఎత్తుకున్నాను. బస్టాపు దాకా ఎవరికీ ఇవ్వలేదు. బరువుగానే ఉంది.

11 మార్చి, శుక్రవారం

వెనక గదిలో మనుషుల చప్పుడు వినబడుతోంది. కళా ప్రత్యూషా నా మిగిలిపోయిన నోటీసు కాగితాల వెనక బొమ్మలు గీస్తున్నారు. రెండు నెలలుండి వెళ్ళిపోతానని నిన్న బస్సులో అన్న కొండమ్మ, ఇవాళ పెరట్లో బెండ గింజలు పాతింది.

మధ్యాహ్నం ఆ గుండిగలోనే తను అన్నం వండింది. అడుగు మాడింది. నేను ఒక్క మాట కూడా అనలేదు.